ముసురు పట్టకముందే నూలు బట్టల సంగతి చూడండి

తొలకరి పడగానే గొడుగులు వెతుక్కుంటాం గాని, బీరువాలోని నూలు చీరలు ఎవరికీ గుర్తుకు రావు. ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టాక తలుపు తీస్తే ముక్కిన వాసన, మడతల్లో నల్లటి బూజు చుక్కలు. ఆరాకే కదా పెట్టాం అనుకుంటాం. ఆరలేదు. ఆరినట్టు చేతికి అనిపించింది, అంతే.

నూలు నీటిని రెండు చోట్ల దాస్తుంది. దారాల సందుల్లో చేరిన నీరు పిండితే పోతుంది, మిగిలినది గాలికి ఎగిరిపోతుంది. పేచీ అంతా పోగు లోపలికి దిగిన నీటితోనే. పత్తి పోగులో 90 శాతం దాకా సెల్యులోజ్ అనే పీచు పదార్థమే. అందులోని హైడ్రాక్సిల్ సమూహాలు (ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువుల జంటలు) నీటి అణువులను పట్టుకుని ఓ పట్టాన వదలవు. సూక్ష్మదర్శిని కింద ఎండు పోగు మెలితిరిగిన రిబ్బనులా కనిపిస్తుంది. నీరు తాగితే ఉబ్బి గుండ్రబడుతుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు, పొడిగా కనిపించే నూలు బట్టలోనూ దాని బరువులో 7, 8 శాతం నీరే. ముసురులో ఇంకా ఎక్కువ. పాలిస్టరుకు అందులో పదో వంతు కూడా ఉండదు.

కాబట్టి మడత పెట్టే ముందు బట్టను చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. చూడవలసింది వీపు భాగం కాదు: నాడా దూర్చే మడత, జేబు అడుగు, కాలరు. ఇస్త్రీ చేసిన బట్టను కూడా వేడి మీద బీరువాలో పెట్టకుండా, అరగంట వేలాడదీయండి.

గంజి పెట్టిన చీరలంటే బూజుకు విందు భోజనమే. వానలకు ముందే గంజి వదిలేలా ఉతికి, మంచి ఎండలో ఆరేసి దాచండి. ప్లాస్టిక్ సంచుల్లో బిగించవద్దు, లోపలి తేమకు దారి ఉండదు. కలరా ఉండలు పురుగులనే ఆపుతాయి, తేమను కాదు.

వంటింట్లో తడి మసిగుడ్డతో వేడి గిన్నె దించకండి. పొడి గుడ్డలో చేతిని కాపాడేది సందుల్లోని గాలి. ఆ చోట నీరు చేరితే, గాలిలో కన్నా ఇరవై రెట్లకు పైగా సులువుగా వేడి పాకుతుంది.

అన్నిటికన్నా భయపడవలసింది ఇనుప తీగ దండేనికి. పాతబడిన సర్వీసు వైరు దానికో, రేకులకో ఆనిందంటే, తడి బట్ట తీయబోయిన చేతికి షాకు కొడుతుంది. వానలు మొదలవకముందే తీగ విప్పేసి నైలాన్ తాడు కట్టండి, అదీ వైరుకు దూరంగా. ఒకవేళ ఎవరికైనా షాకు తగిలితే ముందు మెయిన్ ఆపండి. చేతికి తువ్వాలు చుట్టుకుని లాగబోవద్దు. వానలో తడిసిన తువ్వాలు కరెంటును ఆపదు, మీదాకా తెస్తుంది.