కొండదారి జీపు మరమ్మతు - 4వ పాఠం: విరిగిన కమాన్ పట్టీ

పోయిన పాఠంలో ముందు చక్రాల బేరింగులు సర్ది గ్రీజు పెట్టాం. ఈసారి కమాన్ కట్ట, అంటే బండి బరువు మోస్తూ గుంతల దెబ్బ తినే, ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు. సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ వైపు తిరిగే జీపులకూ, కుందులి సంతకి అల్లం బస్తాలు మోసే బండ్లకూ ఎక్కువ దెబ్బ తగిలేది దీనికే.

పట్టీ విరగ్గానే కొత్తది వేసి బండి తోలేస్తే అదే చోట మళ్లీ విరుగుతుంది. అందుకే పానా పట్టుకునే ముందు అది ఎక్కడ విరిగిందో చూడండి. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరిగితే, కట్టను యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు వదులైనట్టే. అవి బిగువుగా ఉన్నంతసేపూ మధ్య భాగం వంగదు. వదులైతే వంపంతా రంధ్రం మీదికి వస్తుంది, అక్కడ ఉక్కు ఎలాగూ తక్కువ. చివరి చుట్టు దగ్గర విరిగితే, కమాన్ చివరను చాసీకి తగిలించే ఊగే లంకె, షాకిల్, ఊగకుండా పట్టేసిందేమో చూడండి. పట్టీలు విడిపోకుండా చుట్టి పట్టే క్లిప్పు పక్కన విరిగితే క్లిప్పు ఊడిపోయి ఉంటుంది. చక్రం గుంతలోకి వేలాడినప్పుడు కింది పట్టీలు తోడు రాక, చివర్లలో చుట్టులున్న మెయిన్ పట్టీ ఒక్కటే లాగుడంతా భరించిందన్నమాట.

విరిగిన ముఖాన్ని గుడ్డతో తుడిచి ఎండలో పట్టుకోండి. ఒక మూల నల్లగా, తుప్పు రంగులో ఉంటుంది, మిగతాది గరుకుగా మెరుస్తుంది. నల్లది ఎప్పుడో మొదలైన పగులు, మెరిసేది తాజాగా తెగింది. నల్ల భాగం పెద్దదైతే మిగతా పట్టీల్నీ వైరు బ్రష్షుతో రుద్ది, ఒక్కొక్కటీ పగుళ్లు వెతకాలి.

వెల్డింగు మాత్రం వద్దు. కమాన్ ఉక్కు పదును పెట్టింది, అంటే కాల్చి చల్లార్చి గట్టిపరచింది. వెల్డింగు వేడికి అతుకు పక్కన గాజులా పెళుసవుతుంది, ఇంకాస్త అవతల పదును పోయి మెత్తబడుతుంది. ఘాటు దిగుతుండగా ముందు చక్రాల కమాన్‌లో మెయిన్ పట్టీ తెగితే యాక్సిల్ పక్కకు జరుగుతుంది, స్టీరింగు మాట వినదు.

విప్పేటప్పుడు స్టాండ్లు చాసీ కింద పెట్టండి. యాక్సిల్‌ను జాకీతో విడిగా పట్టి, కమాన్ మీద బరువు పోయేదాకా మాత్రమే దించాలి. ఇంకా దించితే బ్రేకు హోసు సాగుతుంది. కట్ట తీసే ముందే ముందువైపు ఎటో పెయింటుతో బాణం గీయండి, సెంటర్ బోల్టు నుంచి రెండు చివరలకూ దూరం అన్ని కమాన్లలోనూ సమానంగా ఉండదు. సెంటర్ బోల్టు ఊడదీసే ముందు దానికి అటూ ఇటూ రెండు సీ క్లాంపులు బిగించాలి. పట్టీల వంపులు వేర్వేరు కాబట్టి బోల్టు రాగానే కట్ట స్ప్రింగులా ఎగిరి వేళ్లు నలిపేస్తుంది. క్లాంపుల్ని కొద్దికొద్దిగా, రెండిటినీ కలిపి వదలండి.

కొత్త పట్టీకి వెడల్పు, మందం, రంధ్రం సైజు వెర్నియరుతో కొలిచి తీసుకోండి. లారీ పట్టీ కోయించి వేద్దామనిపిస్తుంది, కానీ పట్టీ బిరుసు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 మి.మీ. బదులు 8 మి.మీ. వేస్తే ఆ పట్టీ దాదాపు 2.4 రెట్లు బిరుసెక్కుతుంది. అప్పుడు కమాన్ తినాల్సిన దెబ్బ, దాన్ని తగిలించే హ్యాంగర్ల దగ్గర చాసీ తింటుంది.

పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పలుచగా రాసి, పైకి కారింది తుడిచేయండి. ఎర్రమట్టి గ్రీజుకి అంటితే సానరాయిలా అరగదీస్తుంది. వాడేసిన ఇంజన్ ఆయిలు పోయకండి, రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి.

యూ బోల్టులు కొత్తవే వేయాలి. ఒకసారి సాగిన బోల్టు పట్టు నిలబెట్టదు. సెంటర్ బోల్టు తల యాక్సిల్ ప్యాడ్ (యాక్సిల్‌కి కమాన్ ఆనే చోటు) గుంటలో కూర్చుందో లేదో వేలు పెట్టి తడిమి చూశాకే నట్లు ఎక్కించండి. నాలుగు నట్లనూ ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి. అర అంగుళం బోల్టుకు 75 న్యూటన్ మీటర్ల దరిదాపు సరిపోతుంది, బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. బిగింపు బలం చూపే టార్క్ పానా లేకపోతే, 30 సెం.మీ. పిడి చివర సుమారు 25 కిలోల లాగుడు.

షాకిల్, రబ్బరు బుష్ బోల్టుల్ని బండి నేల మీదికి దిగాకే చివరి బిగింపు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే, బరువు పడగానే రబ్బరు మెలితిరిగి చిరుగుతుంది.

చక్రాలు తిన్నగా పెట్టి, ముందు హబ్బు మధ్య నుంచి వెనక హబ్బు మధ్యకి రెండు వైపులా టేపుతో కొలవండి. తేడా కనిపిస్తే సెంటర్ బోల్టు తల గుంటలో కూర్చోలేదు, మళ్లీ విప్పండి. 100 కి.మీ. తిరిగాక ఒకసారి, 500 కి.మీ. తర్వాత మరోసారి యూ బోల్టులు బిగించాలి. కొత్త పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకునేసరికి కట్ట మందం కాస్త తగ్గి, నట్లు వాటంతటవే వదులవుతాయి.

వచ్చే పాఠం: ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ మార్చడం. సర్‌క్లిప్ ప్లయరు, బెంచి వైసు దగ్గర పెట్టుకోండి.