చిచెన్ ఇట్జా ఒక్కరోజు టూర్‌కి వెళ్తున్నారా? బస్సెక్కే ముందు ఇవి చూసుకోండి

థాంక్స్‌గివింగ్‌కో, క్రిస్మస్ సెలవులకో, స్ప్రింగ్ బ్రేక్‌కో అమెరికా నుంచి మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది బీచ్‌లో మూడు నాలుగు రోజులు గడిపి, ఒక రోజు మాత్రం పాత మాయా నగరం శిథిలాలున్న చిచెన్ ఇట్జాకి పెట్టుకుంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళనీ వెంటబెట్టుకుని వెళ్తారు. తప్పకుండా చూడాల్సిన చోటే. కానీ హోటల్ లాబీలో బల్ల వేసుకుని కూర్చున్న మనిషి దగ్గర చవగ్గా దొరికిందని ఏదో ఒక టూర్ కొనేస్తే మాత్రం ఆ రోజు పిరమిడ్ కన్నా బస్సు కిటికీయే ఎక్కువ చూస్తారు. దూరం సుమారు 200 కిలోమీటర్లు, నేరుగా వెళ్తే రెండున్నర గంటలు. టూర్ బస్సు నేరుగా వెళ్ళదు, అదీ సంగతి. నాలుగు హోటళ్ళ దగ్గర జనాన్ని ఎక్కించుకుని, ఒక చోట బస్సు మార్పించి, దారిలో షాపు దగ్గర ఆపి, తిరిగి హోటల్‌లో దింపేసరికి 12 గంటలు దాటిపోవడం మామూలే.

అందుకే బుక్ చేసేముందు ధర కన్నా ముందు ఒక్క ప్రశ్న అడగండి: చిచెన్ ఇట్జా గేటు దగ్గరికి ఎన్ని గంటలకు చేరుస్తారు? గేట్లు పొద్దున 8కి తెరుస్తారు, సాయంత్రం 4 తర్వాత లోపలికి పంపరు, 5కి మూసేస్తారు. ముందు సెనోటె అనే సహజమైన నూతిలో ఈత, తర్వాత బఫే, తర్వాత షాపింగ్ పెట్టి చివర్లో శిథిలాలు చూపించే టూర్లు సరిగ్గా నడినెత్తిన ఎండ ఉన్నప్పుడో, ఆ కాసేపటికో మిమ్మల్ని అక్కడ దింపుతాయి. పొద్దున్నే ముందు శిథిలాలకు తీసుకెళ్ళే టూర్‌కి కాస్త ఎక్కువైనా ఇచ్చేయండి, తెల్లవారుజామున 5కి లేవాల్సి వచ్చినా సరే.

విజయవాడ ఎండలు చూసినవాళ్ళం, ఇదెంత అనుకుంటాం గానీ అక్కడ మే నెల మధ్యాహ్నం ఎవరమైనా మైదానంలో నిలబడి రెండు గంటలు చరిత్ర పాఠం వింటామా? పెద్ద పిరమిడ్ చుట్టూ నీడన్నది లేదు, కింద తెల్లటి సున్నపురాయి నేల, పైన ఎండ, మధ్యలో ఒళ్ళంతా జిడ్డు చేసే ఉక్కపోత. ఏప్రిల్, మే నెలల్లో మరీ దారుణం. గొడుగు తీసుకెళ్ళండి, సిగ్గుపడక్కర్లేదు, అక్కడ చాలామంది పట్టుకునే ఉంటారు. పల్చటి ఫుల్ చేతుల చొక్కా, టోపీ, మనిషికి కనీసం లీటరున్నర నీళ్ళు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. కుళాయి నీళ్ళు తాగొద్దు, సీసా నీళ్ళే. ఎవరికైనా తల తిరుగుతున్నా, మాట తడబడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా "కాసేపట్లో తగ్గిపోతుందిలే" అని ఆగకుండా నీడకు తీసుకెళ్ళి ఒళ్ళు తడిపి, గైడ్‌కి వెంటనే చెప్పండి. మెక్సికోలో కూడా ఎమర్జెన్సీ నంబరు 911. ఇంతా చేస్తే బస్సులో ఏసీ ఐస్ పెట్టెలా ఉంటుంది, పెద్దవాళ్ళకి ఒక శాలువా పడేయండి.

ఎక్కువమందికి తెలియనిది గడియారం సంగతి. కాన్‌కూన్ ఉన్నది కింటానా రూ రాష్ట్రంలో, చిచెన్ ఇట్జా ఉన్నది యుకాటాన్ రాష్ట్రంలో, రెండింటికీ ఏడాది పొడవునా గంట తేడా. కాన్‌కూన్‌లో 11 అయితే అక్కడ 10. ఫోన్ సిగ్నల్‌ని బట్టి టైమ్ తనంతట తాను మారుతుంది, పక్కవాళ్ళ చేతి గడియారం మారదు, ఇంట్లో నలుగురి దగ్గర రెండు రకాల టైములు, బస్సు దగ్గరికి ఎప్పుడు రావాలో తెలియక టెన్షన్. దిగేటప్పుడే గైడ్ గడియారం చూసి, దాని ప్రకారం ఎన్నింటికి రావాలో అడిగి, బస్సు నంబరు ఫోటో తీసుకోండి. అదే రోజు రాత్రి తిరుగు ఫ్లైట్ మాత్రం పెట్టుకోవద్దు.

వీసా విషయం టికెట్లు కొనకముందే తేల్చుకోవాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉంటే మెక్సికోకి టూరిస్టుగా వెళ్ళడానికి వేరే వీసా అక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకీ అంతే. చిక్కు ఎవరికంటే, హెచ్1బి పొడిగింపు అప్రూవల్ కాగితం చేతిలో ఉంది కానీ పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్ళకి. ఆ కాగితం చూపించి మెక్సికోలోకి వెళ్ళడం కుదరదు. టూర్ రోజున పాస్‌పోర్ట్ హోటల్ లాకర్‌లో వదిలేయాలా, వెంట తీసుకెళ్ళాలా అని అడుగుతుంటారు. దారిలో తనిఖీలు జరగొచ్చు కాబట్టి నా ఓటు వెంట పెట్టుకోవడానికే, నడుముకి కట్టుకునే చిన్న సంచిలో. కాపీలు మాత్రం హోటల్‌లో వేరే ఉంచండి.

డబ్బు దగ్గర జాగ్రత్త. చిచెన్ ఇట్జాకి రెండు రుసుములు ఉంటాయి, ఒకటి కేంద్ర పురావస్తు సంస్థది, ఇంకోటి యుకాటాన్ రాష్ట్రానిది. విదేశీయులకి రెండూ కలిపితే తక్కువేం కాదు. చాలా చవగ్గా కనిపించే టూర్లలో ఇవి కలిసి ఉండవు, బస్సెక్కాక నగదు అడుగుతారు. "ఎంట్రీ మొత్తం కలిపేనా?" అని రాతపూర్వకంగా తెలుసుకోండి. మెక్సికోలో పెసోకి కూడా డాలర్ గుర్తే వాడతారు, బోర్డు మీద ఆ గుర్తు పక్కన 300 చూసి గుండె ఆగక్కర్లేదు, అలాగని డాలర్లు తీసి ఇచ్చేయనూ వద్దు, ఏ డబ్బో అడగండి. కార్డు మెషిన్ డాలర్లలోనా పెసోల్లోనా అని అడిగితే పెసోలే నొక్కండి. బస్సులో మీ పుట్టినరోజు మాయా కేలండర్‌లో రాసిస్తామని ఒక కాగితం తిప్పుతారు, మీ ఫోటో అతికించిన సీసా అమ్ముతారు, షాపులో నల్ల అబ్సిడియన్ రాయి మహిమలు చెబుతారు. కొనాలన్న రూలేమీ లేదు. లోపల బాటలకి ఇరువైపులా కొట్లు పెట్టుకున్నవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ళ మాయా ప్రజలే. అంతరించిపోయిన జాతి అని పక్కనే నిలబడి మాట్లాడకండి, వాళ్ళ భాష ఇప్పటికీ వాళ్ళ ఇళ్ళలో బతికే ఉంది. బేరం ఆడండి, మర్యాదగా ఆడండి.

శాకాహారులకి బఫే ఒక పరీక్షే. నల్ల బీన్స్‌లో తరచూ పంది కొవ్వు వేస్తారు, అన్నం కోడి నీళ్ళతో వండొచ్చు. స్పానిష్‌లో "సిన్ కార్నే" (మాంసం లేకుండా) అని ఊరుకుంటే చికెన్ తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది, "సిన్ పోయో, సిన్ మాంతేకా" (కోడి లేకుండా, పంది కొవ్వు లేకుండా) కూడా కలపండి. హబనేరో మిరపకాయ పచ్చడి గుంటూరు నాలుకని కూడా ఏడిపిస్తుంది, ముందు స్పూను చివరతో చూడండి. పిల్లలకీ పెద్దవాళ్ళకీ చపాతీలో, పులిహోరో వెంట ఉంటే ఆ పూట గొడవ ఉండదు.

సెనోటె అంటే సున్నపురాయి పైకప్పు కూలి ఏర్పడిన సహజమైన నుయ్యి. టూర్లు ఎక్కువగా తీసుకెళ్ళే ఇక్ కిల్‌లో నీళ్ళు నేలకి దాదాపు 26 మీటర్ల కింద ఉంటాయి, లోతు 40 మీటర్ల పైమాటే. మెట్లు తడిగా జారుతుంటాయి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోండి, కడుపు నిండా తిని దిగకండి, మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారిని పైనుంచే చూడమనండి. దిగేముందు షవర్ చేయాలి, సన్‌స్క్రీన్, దోమల క్రీమ్ ఒంటి మీద ఉండకూడదు. అందుకే ఎండకి క్రీము కన్నా బట్టే నయం. దోమల మందు ఈత అయ్యాక రాసుకోండి, డెంగీ ఉన్న ప్రాంతమిది.

పిరమిడ్ ఎక్కడం 2006 నుంచి బంద్. తాడు దాటి ఎక్కినవాళ్ళని కింద జనం కేకలేసి, పోలీసులు పట్టుకెళ్ళిన సందర్భాలున్నాయి. రీల్ కోసం ఆ పని వద్దు. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయకూడదు, హోటల్‌లోనే వదిలేయండి. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబర్ విషువత్ రోజుల్లో పిరమిడ్ మెట్ల పక్కన పాములా పడే నీడ చూడ్డానికి వేల జనం వస్తారు, చిన్నపిల్లలతో ఆ రోజుల్లో వద్దు. ఆదివారాలు మెక్సికన్లకి కేంద్ర రుసుము ఉండదు, కాబట్టి రద్దీ. జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల కాలం, రద్దయితే డబ్బు వెనక్కిస్తారా అన్నది టూర్ వాళ్ళని ముందే అడగండి.

గైడ్ ఇంగ్లిష్‌లో మాత్రమే చెబుతాడా, రెండు భాషల్లో మార్చి మార్చి చెబుతాడా అడగండి, రెండో రకమైతే సగం సమయం పోతుంది. గ్రహాంతరవాసుల కథలు మొదలుపెడితే నవ్వి వదిలేయండి. పాతకాలపు మాయావాళ్ళ బంతాటలో గెలిచినవాడి తల నరికారా ఓడినవాడిదా అన్నది కూడా ఖరాఖండిగా చెప్పేస్తుంటారు, అది అంత తేలిన విషయం కాదు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన ఒకటి కలిపి 365 అన్నది మాత్రం పిల్లలతో లెక్క వేయించండి. గైడ్ వదిలేశాక మిగిలే ముప్పావుగంటలో అందరూ కొట్ల వరస వెంట ఉత్తరాన ఉన్న పవిత్ర సెనోటె వైపు వెళ్తారు, అక్కడ ఈత లేదు. మీరు దక్షిణం వైపు ఎల్ కారకోల్ అనే గుండ్రటి గోపురం దగ్గరికి వెళ్ళండి, మాయావాళ్ళు శుక్రగ్రహాన్ని గమనించిన చోటు అంటారు, చెట్ల నీడ ఉంటుంది, జనం తక్కువ. టాయిలెట్లు ఎక్కువగా గేటు దగ్గరే కాబట్టి బస్సు టైమ్‌కి ఒక 15 నిమిషాల ముందే అటు నడవడం మొదలుపెట్టండి.