పాత కాగితంలో ఊరి ఆచూకీ – 4వ పాఠం: తాలూకా ఎటు పోయింది?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం. ఫసలీ (రెవెన్యూ లెక్కల ఏడాది) 1379 నాటి అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసే గ్రామ లెక్క) నకలు ఒకటి చేతికొచ్చింది. ఒంగోలు తాలూకా అని కనిపిస్తోంది. జిల్లా పేరున్న మూలని చెదలు తినేశాయి. ఆ జిల్లా ఏది?

ఫసలీకి 590 కలిపితే 1969. ఫసలీ ఏడాది జూలై ఒకటిన మొదలవుతుంది కాబట్టి మన కాగితం 1969 జూలైకీ 1970 జూన్‌కీ మధ్యది. మెలిక ఇక్కడే ఉంది. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టింది 1970 ఫిబ్రవరి 2న. అంటే ఆ ఫసలీలో మొదటి ఏడు నెలలు ఊరు గుంటూరు జిల్లాలో ఉంది, మిగతా ఐదు నెలలు ఒంగోలు జిల్లాలో. కాగితం మీద సంతకం కింద తేదీ ఉంటే తేలుతుంది, లేకపోతే రెండు పేర్లూ రాసుకోవాల్సిందే. ‘ప్రకాశం’ అని రాసినవాళ్లకి మార్కులు లేవు. ఆ పేరు పెట్టింది 1972లో.

ఇక ఈ పాఠం. పాత దస్తావేజులో ఉన్న ఊరిని ఇవాళ్టి మండలం, జిల్లాలతో ఎలా కలపాలి?

నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లో 1962 నాటి కాగితం పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్ దగ్గరాయన కాగితం అటూ ఇటూ తిప్పి ‘ఇందులో మండలం పేరు లేదండీ, పని జరగదు’ అన్నాడు. మండలాలే పుట్టని రోజుల్లో రాసిన కాగితంలో మండలం పేరు ఎక్కడినుంచి వస్తుంది? ఆ మాట అప్పుడు నాకూ తట్టలేదు. మూడు రోజులు తిరిగాను.

మండలాలు వచ్చింది 1985లో, ఎన్టీఆర్ ప్రభుత్వం ఉన్నప్పుడు. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో రెవెన్యూ మెట్లు ఇలా ఉండేవి: కింద గ్రామం, దాని పైన ఫిర్కా, ఆ పైన తాలూకా, తర్వాత రెవెన్యూ డివిజన్, అన్నిటికీ పైన జిల్లా. గ్రామంలో కరణం, మునసబు. ఫిర్కాకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. తాలూకాకి తహసీల్దారు. డివిజన్‌కి ఆర్డీఓ. ఆ కుర్చీలో కొత్తగా వచ్చిన ఐఏఎస్ కూర్చుంటే సబ్ కలెక్టర్ అంటారు, పని ఒకటే. జిల్లాకి కలెక్టరు. శిస్తు వసూలు చేసేవాడు కాబట్టి ఆ పేరు. ‘తహసీలు’ అన్నా వసూలే. తాలూకా ఆఫీసులోనూ కలెక్టరాఫీసులోనూ ఒకే పని, ఒకచోట అరబ్బీ పేరు, ఇంకోచోట ఇంగ్లీషు పేరు.

1985లో తాలూకానీ ఫిర్కానీ తీసేసి, ఒక్కో తాలూకాని నాలుగైదు ముక్కలో అంతకన్నా ఎక్కువో చేసి మండలాలన్నారు. రాష్ట్రం మొత్తం మీద వెయ్యికి పైగా వచ్చాయి. జనం ఆఫీసుకి నడిచో, ఒక బస్సెక్కో వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావాలన్నది ఉద్దేశం. కరణాలూ మునసబులూ అంతకు ముందే, 1984లో పోయారు. మండలాన్ని చూసే అధికారికి మొదట మండల రెవెన్యూ అధికారి (ఎమ్మార్వో) అని పేరు పెట్టి, కొన్నేళ్లకి మళ్లీ తహసీల్దారు అన్నారు. జనం మాత్రం ఇప్పటికీ ఎమ్మార్వో ఆఫీసనే అంటారు. అందుకే తేదీ చూడకుండా ‘తహసీల్దారు’ అన్న మాట పట్టుకుని లెక్క వేయకండి. 1970 తహసీల్దారుకి తాలూకా మొత్తం ఉండేది, ఇప్పటి తహసీల్దారుకి ఒక్క మండలమే.

కాబట్టి మొదటి పని కాగితం తేదీ చూడటం. 1985కి ముందుదైతే మండలం కోసం వెతకొద్దు, తాలూకా కోసం వెతకండి. ఫిర్కా పేరు దొరికితే ఇంకా మంచిది. ఫిర్కా కేంద్రంగా ఉన్న ఊరు తర్వాత మండల కేంద్రం అయిన చోట్లు చాలా ఉన్నాయి. అన్నిచోట్లా అలా జరగలేదు, కానీ వెతుకులాట అక్కణ్ణుంచి మొదలుపెడితే కాళ్ల నొప్పులు తగ్గుతాయి.

తెలంగాణ పాత కాగితాల్లో మాటలు వేరు. గ్రామానికి ‘మౌజె’. ఊళ్లో పట్వారీ, మాలీ పటేలు, పోలీసు పటేలు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరుని గిర్దావరు అనేవారు. తాలూకాకి తహసీల్దారు. జిల్లా పైన ఇంకో మెట్టు ఉండేది. దాని పేరు సుబా, అధికారి సుబేదారు. ఇక్కడ నేను జారిపడ్డ గుంట ఒకటుంది. ‘అవ్వల్ తాలూక్‌దార్’ అని ముద్ర కనిపిస్తే తాలూకా అధికారి అనుకున్నాను. కాదు, నిజాం కాలంలో ఆయన జిల్లా అధికారి. మన కలెక్టరుతో సమానం. తాలూకా చూసేది తహసీల్దారే. మాట పోలికని బట్టి మెట్టు కట్టేస్తే జిల్లా పెద్దని తీసుకొచ్చి తాలూకాలో కూర్చోబెట్టినట్టవుతుంది. అలాగే ‘గుల్షనాబాద్’ అని కనిపిస్తే కంగారు పడకండి, అది మెదక్.

రెండో పని, కాగితం ఏ శాఖదో చూడటం. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను అంటే ఇదే గుర్తుపెట్టుకోండి. ఒక ఊరికి ఒకే మెట్ల వరస ఉండదు. రెవెన్యూ వాళ్లది ఒకటి, పంచాయతీ వాళ్లది ఒకటి, రిజిస్ట్రేషన్ వాళ్లది ఒకటి, పోలీసులది ఒకటి. పేర్లు కలుస్తాయి, హద్దులు కలవకపోవచ్చు.

‘సమితి’ అని ఉంటే అది పంచాయతీ వరస. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ రాజ్ వచ్చినప్పుడు గ్రామ పంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్ అని మూడు మెట్లు పెట్టారు. సమితికి అధ్యక్షుడు, బీడీఓ (బ్లాకు అభివృద్ధి అధికారి). సమితీ తాలూకా ఒకటి కావు. 1985 తర్వాత సమితి పోయి మండల పరిషత్ వచ్చింది, బీడీఓ పోయి ఎంపీడీఓ (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) వచ్చాడు. అప్పటినుంచి మండలం అన్న ఒక్క మాటకి రెండు ఆఫీసులున్నాయి. భూమి సంగతికి తహసీల్దారు, బోరు, బడి, పింఛను లాంటి వాటికి ఎంపీడీఓ.

రిజిస్ట్రేషన్ వరస ఇంకా తమాషాగా ఉంటుంది. దస్తావేజు షెడ్యూలులో ‘తెనాలి రిజిస్ట్రేషన్ జిల్లా’ అని చూసి తెనాలి ఒకప్పుడు జిల్లా కేంద్రమని వాదించినవాళ్లు నాకు తెలుసు. తెనాలి ఎప్పుడూ రెవెన్యూ జిల్లా కాలేదు. రిజిస్ట్రేషన్ శాఖ తన పని కోసం గీసుకున్న జిల్లా అది. సబ్ రిజిస్ట్రారు ఏరియా కూడా అంతే, మండలంతో సరిపోవాలని లేదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) కోసం వెళ్లేటప్పుడు ఈ వరస కావాలి, పహాణీ (అడంగల్‌కి తెలంగాణ పేరు) కోసం వెళ్లేటప్పుడు రెవెన్యూ వరస కావాలి.

‘డివిజన్’ అన్న మాటతో మరీ జాగ్రత్త. రెవెన్యూలో అది జిల్లాలో ఒక భాగం. రైల్వేలో గుంతకల్లు డివిజన్ అంటే అందులో ఎన్ని జిల్లాలు పడతాయో! హైదరాబాదు కార్పొరేషన్‌లో డివిజన్ అంటే కార్పొరేటరు వార్డు, నాలుగు గల్లీలు. మండలం కూడా తక్కువేం తినలేదు. ఉత్తరప్రదేశ్‌లో ‘మండల్’ అంటే కొన్ని జిల్లాల కలయిక, దానికి కమిషనరు ఉంటాడు. మనకి జిల్లా కన్నా చిన్నది, వాళ్లకి జిల్లా కన్నా పెద్దది. తమిళనాడులో ఫిర్కా ఇంకా బతికే ఉంది, కర్ణాటకలో ఆ మెట్టుని హోబళి అంటారు. సరిహద్దు జిల్లాల వాళ్లకి ఈ మాటలు పనికొస్తాయి.

మూడో పని, గ్రామం పేరు. అన్నిట్లోకీ నిలకడైనది ఇదే. జిల్లా మారినా, తాలూకా పోయినా రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు సాధారణంగా మిగులుతాయి. అయితే రెవెన్యూ గ్రామం వేరు, మనం ఊరనేది వేరు. ఒక రెవెన్యూ గ్రామం కింద రెండు మూడు శివారు ఊళ్లుంటాయి, వాటిని మజరాలంటారు. మజరాకి సొంత పంచాయతీ ఉండొచ్చు, సర్పంచి ఉండొచ్చు, బస్సు బోర్డు మీద పేరూ ఉండొచ్చు. అడంగల్లో మాత్రం పెద్ద ఊరి పేరే ఉంటుంది. ‘మా ఊరి పేరు కంప్యూటర్లో లేదు’ అని టెన్షన్ పడేవాళ్లలో చాలామందిది ఈ సమస్యే.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. కాగితంలో ఊరి పేరుంటుంది, వెళ్లి చూస్తే ఒక్క ఇల్లు ఉండదు. ‘బేచిరాక్’ గ్రామం అంటారు దాన్ని. పారసీలో చిరాగ్ అంటే దీపం. దీపం లేని ఊరు. కలరా వల్లనో, కరువు వల్లనో, నీళ్లు లేకనో జనం లేచిపోయారు. ఊరి పేరూ పొలాల నంబర్లూ మాత్రం రికార్డులో ఉండిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ పొలాలు ఇప్పటికీ దున్నుకుంటూ ఉంటారు. సర్కారు దఫ్తరంలో ఇంత మంచి మాట ఎవరు పెట్టారో గానీ, మొదటిసారి దాని అర్థం తెలిసిన రోజు నేను కాసేపు వేరే పని చేయలేకపోయాను. మీ తాత పుట్టిన ఊరు పటంలో దొరక్కపోతే, పేరు తప్పనుకునే ముందు బేచిరాక్ జాబితా అడగండి.

చివరి పని జిల్లా. దీన్ని చివరికి పెట్టడానికి కారణం అన్నిటికన్నా ఎక్కువ మారేది అదే. చీరాల సంగతి చూడండి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడక ముందు కృష్ణా జిల్లా. తర్వాత గుంటూరు. 1970 నుంచి ఒంగోలు జిల్లా, అదే ప్రకాశం. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు బాపట్ల. ఊరు అంగుళం కదల్లేదు, జిల్లాలు నాలుగు.

అదే పేరుండి హద్దులు మారితే ఇంకా కష్టం. ‘వరంగల్ జిల్లా’ అని 1950 కాగితంలో ఉంటే అందులో ఖమ్మం కూడా ఉంది, ఎందుకంటే ఖమ్మం జిల్లా వచ్చింది 1953లో. 2010 కాగితంలో ఉంటే జనగామ, ములుగు, మహబూబాబాద్ అన్నీ అందులోనే. 2016 అక్టోబరు 11న, దసరా రోజున, తెలంగాణ పది జిల్లాలు 31 అయ్యాక వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు పేర్లు వచ్చాయి. 2021లో అర్బన్ పోయి హనుమకొండ అయింది, రూరల్ పోయి వరంగల్ అయింది. అందుకని వరంగల్ అని కనబడగానే పక్కన ఏడాది రాసుకోవడం అలవాటు చేసుకోండి. ఏడాది లేని వరంగల్ ఎందుకూ పనికిరాదు.

నా పద్ధతి ఇది: ఒక తెల్లకాగితం మీద కింద గ్రామం పేరు రాసి, ఎడమవైపు కాగితం నాటి మెట్లు, కుడివైపు ఇవాళ్టి మెట్లు ఒకదాని ఎదురుగా ఒకటి రాస్తాను. ఎదురు లేనిచోట, అంటే ఫిర్కాకి, సమితికి, సుబాకి, గీత గీసి వదిలేస్తాను. పెన్సిలుతోనే రాయండి.

వచ్చే పాఠంలో పొలం హద్దులు, చెక్కుబందీ (నాలుగు వైపులా ఏముందో దస్తావేజులో రాసే వివరం). ఈలోగా చేయాల్సిన లెక్క: కూనవరం. భద్రాచలం తాలూకాలో ఉన్న ఈ ఊరు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. తర్వాత ఖమ్మం. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి మళ్లీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఈ ఊరికి సంబంధించి మూడు కాగితాలున్నాయనుకోండి: ఫసలీ 1369 నాటిది ఒకటి, 1983 నాటిది ఒకటి, 2015 నాటిది ఒకటి. మూడింటికీ మెట్లు కట్టండి. రాష్ట్రం పేరు కూడా రాయాలి. మొదటి కాగితం దగ్గర తొందరపడకండి, అందులో ఒంగోలు అడంగల్ లాంటి మెలికే ఉంది.