బోర్డో మిశ్రమం కొట్టే ముందు కొడవలి ముంచి చూడండి

అనంతపురం వైపు ద్రాక్షకు అక్టోబర్ కత్తిరింపు, ఈశాన్య రుతుపవనాల వానలు దాదాపు ఒకేసారి వస్తాయి. చిగురు మీద రెండు రోజులు ముసురు పట్టిందంటే బూజు తెగులు టెన్షన్ మొదలు. అందుకే కత్తిరింపు అవ్వగానే చాలామంది తీగలకు ఒక శాతం బోర్డో మిశ్రమం కొడతారు.

వంద లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం), కిలో మంచి సున్నం. రెండూ వేర్వేరు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి, తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ఇనుప డ్రమ్ము మాత్రం వద్దు.

తేడా వచ్చేది సున్నం దగ్గరే. గాలి తగిలి పాతబడిన సున్నంలో పస ఉండదు, కిలో వేసినా చాలదు. తుత్తం మిగిలిపోతే లేత చిగురు మాడుతుంది. కాబట్టి కొడవలి మొనను తుప్పు పోయి మెరిసేదాకా గరుకు రాయితో రుద్ది, మిశ్రమంలో కాసేపు ముంచి తీయండి. ఇనుము మీద ఎర్రగా రాగి పొర కనిపిస్తే ఇంకొంచెం సున్నం నీళ్లు పోసి, మళ్లీ రుద్ది మళ్లీ ముంచండి. మొన తెల్లగా బయటికొచ్చాకే గుడ్డలో వడగట్టి పంపులో పోయండి. వడగట్టకపోతే నాజిల్ మూసుకుపోయి సగం రోజు దానికే సరిపోతుంది!

కలిపింది ఆ రోజే కొట్టేయాలి. వేరే మందులేవీ ఇందులో కలపొద్దు. కత్తిరించిన కొమ్మలు, ఆకులు పందిరి కిందే పడి ఉంటే ముందు అవి ఏరి బయట పడేయించండి, తెగులు వాటిలోనే దాక్కుంటుంది.