రంగు వేసే కిటికీ పట్టీకి టేకు ఎందుకు?

కిటికీ ఫ్రేముకీ గోడకీ మధ్య సందు కనపడకుండా లోపలివైపు కొట్టే పట్టీకి చాలామంది టేకే కావాలంటారు. తీరా దాని మీద తెల్ల ఎనామిల్ వేయిస్తారు. పాలిష్ చేయించేటట్టయితే టేకు సరే, రంగు కింద దాగిపోయేదానికి అంత డబ్బు దండగ.

తిరుపతిలో మా ఇల్లు బాగుచేయించినప్పుడు పక్కలకీ పైకీ 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) తీసుకుని, 3 అంగుళాల పట్టీలుగా షాపులోనే కోయించాం. కింది పట్టీ మాత్రం డబ్ల్యూపీసీ, అంటే చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే, నీళ్లకు ఉబ్బని పలక. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, జల్లు లోపలికి కొడితే నీళ్లు నిలిచేది అక్కడే.

అసలు పనంతా కోసిన అంచుల దగ్గరే. ఎండీఎఫ్ పైభాగం నున్నగా ఉంటుంది గానీ, అంచు స్పాంజిలా ప్రైమర్ తాగేస్తుంది. 180 నంబరు ఎమిరీతో రుద్ది, ఆయిల్ ప్రైమర్ రెండు కోట్లు వేసి, బాగా ఆరాక 320తో మళ్లీ రుద్దాలి. నీళ్ల ప్రైమర్ అయితే పీచు లేచి గరుకుగా తేలుతుంది. గోడకు ఆనే వెనకవైపు కూడా ఒక కోటు పడాలి. పెయింటర్లు దీన్ని ఎగ్గొడతారు, దగ్గరుండి వేయించుకోండి. మూలల్లో సందులకు అక్రిలిక్ సీలెంట్ పెట్టండి, సిలికాన్ మీద రంగు పట్టదు.

గోడలోనే చెమ్మ ఉన్నా, కిటికీ కారుతున్నా ఎండీఎఫ్ జోలికి పోవద్దు. ఎన్ని కోట్లు వేసినా ఉబ్బుతుంది. అలాంటి చోట నాలుగు వైపులా డబ్ల్యూపీసీనే కొట్టించండి.