దానియేలు లెక్కలు వేసే ముందు మొదటి తేదీ అడగండి

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, కంచరపాలెంలో మా యూత్ కుర్రాడొకడు ఫోన్ పట్టుకొచ్చి "అన్నా, యేసు రాకడకి ఇంకా 1260 రోజులేనంట, పక్కా తేదీ కూడా ఇచ్చారు" అన్నాడు. ముఖంలో నిజంగానే టెన్షన్. ఎప్పట్నుంచి లెక్కపెట్టార్రా అంటే నీళ్లు నమిలాడు. మెసేజ్‌లో ఎంత వెతికినా ఆ సంగతి లేదు. ఇలాంటి వాటిలో కూడికలు, తీసివేతలు చాలావరకు సరిగ్గానే ఉంటాయి, మొదలుపెట్టిన చోటే తేడా కొడుతుంది.

అందుకని ముందు నోట్‌బుక్‌లో వాక్యం ఏ కొలత వాడిందో రాసుకోండి. బైబిల్లో ప్రకటన గ్రంథం 11లో 42 నెలలు, 1260 దినాలు, 12లో మళ్లీ 1260, తర్వాత "ఒకకాలము కాలములు అర్ధకాలము", 13లో 42 నెలలు. 42ని 30తో గుణిస్తే 1260, అంటే మూడున్నరేళ్లు, ఏడులో సగం. అయితే యూదులది మనలాగే చాంద్రమానం, నెలకి ఇరవై తొమ్మిదిన్నర రోజులే, నిజంగా 42 నెలలు లెక్కపెడితే 1240 దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఇక్కడ నెలంటే గుండుగుత్తగా 30 రోజులు. జలప్రళయంలోనూ రెండో నెల 17 నుంచి ఏడో నెల 17 వరకు 150 దినాలు, అదే పద్ధతి.

తర్వాత మాట చూడండి. దానియేలు 9లో "డెబ్బది వారములు" చదవగానే మనకి క్యాలెండర్‌లో వారం గుర్తొస్తుంది. హీబ్రూలో ఉన్నది ఉత్త "ఏడులు". అవి ఏడు సంవత్సరాల చొప్పున అని చాలామంది తీసుకుంటారు, మొత్తం 490 ఏళ్లు. దీన్ని పట్టుకుని బైబిల్లో ఎక్కడ దినం కనిపిస్తే అక్కడ సంవత్సరం అనేయడం మాత్రం నాకు ఒప్పుదల కాదు. సంఖ్యాకాండం 14:34లో, యెహెజ్కేలు 4:6లో దినానికి ఒక సంవత్సరం అని దేవుడే విడమరిచి చెప్పాడు, చెప్పని చోట మనం ఎందుకు అతికించాలి? అలా అతికించే వాళ్లని ఒక్కటే అడగండి, ప్రకటన 20లో వెయ్యేళ్లని కూడా రోజుల్లోకి మార్చి 3,60,000 ఏళ్లు అంటారా అని.

ఇప్పుడు అసలు తిరకాసు. యెరూషలేమును మళ్లీ కట్టమన్న ఆజ్ఞ నుంచి లెక్కపెట్టమని దానియేలు 9:25. ఏ ఆజ్ఞ? పారసీక రాజు కోరెషు ఆజ్ఞ క్రీ.పూ. 538 నాటిది, ఎజ్రా 7లోది 457, నెహెమ్యా 2లోది 445 లేదా 444. అభిషిక్తుని (మెస్సీయ) వరకు 69 ఏడులు, అంటే 483 ఏళ్లు. 457 నుంచి మామూలు ఏళ్లు వేస్తే క్రీ.శ. 27 వస్తుంది. అదే 444 నుంచి 360 రోజుల ఏళ్లు వేస్తే 1,73,880 రోజులు, మన లెక్కలో 476 ఏళ్లు, తేలేది క్రీ.శ. 33. రెండూ యేసు కాలానికే చేరుతున్నాయి, కానీ ఏడాది పొడుగు ఒకచోట 365, ఇంకోచోట 360 అని మధ్యలో ఎవరూ గట్టిగా చెప్పరు. ఇంకో మాట, క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1, సున్నా సంవత్సరం లేదు, దాటేటప్పుడు ఒకటి కలుపుకోండి.

అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు యేసు రాకడ కోసం దానియేలు 8:14లోని 2300 దినాలను ఏళ్లుగా తీసుకుని క్రీ.పూ. 457 నుంచే మొదలుపెట్టాడు. మొదట 1843 ప్రాంతం అనుకున్నారు, చివరికి 1844 అక్టోబరు 22 అన్నారు, ఆ రాత్రంతా వేలమంది ఎదురుచూశారు, తెల్లారింది. అదే 2300 దగ్గర హీబ్రూలో "సాయంత్రం ఉదయం" అని ఉంటుంది. రోజుకి రెండు బలులు అర్పించేవారు కాబట్టి 1150 రోజులేనని కొందరంటారు. క్రీ.పూ. 167లో గ్రీకు రాజు అంతియొకసు యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేశాక 164లో దాన్ని మళ్లీ ప్రతిష్ఠించారు, ఇంచుమించు మూడేళ్లు. అందుకే ఆ మాట మొదట విన్నవాళ్లకి ఏం అర్థమైందో చూడకుండా నేరుగా మన కాలానికి దూకొద్దంటాను.

గుర్తులనీ గడువులనీ కలిపి కుట్టేయకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక కరెంటు లేని ఆ రాత్రుల్లో, లూకా 21లోని సముద్ర ఘోష మా వీధిలో ప్రతివాళ్ల నోటా నానింది, వెనకే ఎవరో ఒక సంవత్సరం కూడా చెప్పేశారు. లూకా 21లో ఘోష ఉంది గానీ సంవత్సరం లేదు. మత్తయి 24:36 అయితే ఆ దినం తండ్రికి తప్ప ఎవరికీ తెలియదంటుంది.

మా కుర్రాడు ఇదంతా రాసుకెళ్లాడు. రాత్రి పదింటికి మెసేజ్: "అన్నా, దానియేలు 12లో 1290 ఉంది. 1260 తీసేస్తే 30. అధిక మాసమా?" నిజంగానే అలా చెప్పే వ్యాఖ్యాతలున్నారు, చాంద్రమానంలో రెండు మూడేళ్లకోసారి నెల కలుస్తుంది కదా. కింద వచనంలో 1335 ఉంది, అక్కడ మిగిలే 45 రోజులేమిటో దానియేలు చెప్పలేదు, పక్కన ఏమీ రాయకుండా ఖాళీ వదిలెయ్ అని జవాబిచ్చాను.