కింది భాగానికి కాస్మెటిక్ సర్జరీ: డేట్ తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

ప్రకటనల్లో ‘వజైనల్ రీజువెనేషన్’, అంటే యోనికి మళ్లీ యవ్వనం తెప్పిస్తామని కనిపిస్తుంది కదా, వైద్యంలో ఆ పేరుతో ఫలానా ఆపరేషన్ అంటూ ఏదీ లేదు. ఒక క్లినిక్‌లో ఆ పేరు చెప్పి యోని లోపలి పెదవులు కత్తిరిస్తారు, ఇంకోచోట యోని బిగుతు చేస్తామంటారు, మరోచోట లేజర్ పెట్టి కాసేపట్లో పంపించేస్తారు. అందుకే ఎవరైనా ఈ మాట అనగానే "సరే, ఏ భాగం మీద, ఏం చేస్తారు?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి, మొహమాటం అక్కర్లేదు.

ఎక్కువగా చేసేది లేబియాప్లాస్టీ, అంటే లోపలి పెదవులను చిన్నవి చేయడం. దాంతోపాటు క్లిటోరిస్ మీద ముసుగులా ఉండే చర్మాన్ని కూడా తగ్గిస్తామంటారు. వజైనోప్లాస్టీ, పెరినియోప్లాస్టీ అంటే యోని గోడలను, ద్వారం దగ్గరి కండరాలను దగ్గరకు లాగి కుట్టడం. కన్నెపొర కుట్టేది హైమెనోప్లాస్టీ. ఇవి కాక సుఖం పెరుగుతుందని చెప్పి లోపల ఫిల్లర్లు (ఉబ్బు తెచ్చే జెల్ లాంటివి), రక్తం నుంచి తీసిన ప్లాస్మా ఎక్కించేవాళ్లూ ఉన్నారు, వాటి వెనక గట్టి రుజువులు లేవు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీకున్నది ఇబ్బందా, లేక చూడ్డానికి బాగోలేదన్న దిగులా? రెండూ వేరు, వాటికి దారులూ వేరు.

దిగులు సంగతి ముందు చెప్తాను, చాలామంది దీంతోనే వెళ్తారు. నార్మల్ ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలియదు, ఎందుకంటే ఒకరిది ఒకరం చూసుకోం, కనిపించే ఫోటోలేమో దిద్దినవి. స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో 650 మందికి పైగా ఆడవాళ్లను కొలిచి 2018లో ప్రచురించిన అధ్యయనంలో లోపలి పెదవుల పొడవు 5 మిల్లీమీటర్ల నుంచి 100 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. అంతకుముందు 2005లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో వెడల్పు 7 నుంచి 50 మిల్లీమీటర్ల వరకు ఉంది. ఒకవైపు పెద్దగా ఇంకోవైపు చిన్నగా ఉండడం, లోపలివి బయటికి కనిపించడం, అంచులు ముడతలుగా ఉండడం, చుట్టుపక్కల చర్మం కంటే నల్లగా ఉండడం, ఇవేవీ రోగాలు కావు. ఆ నలుపు పోగొట్టడానికి క్రీములు రాసి మండించుకోవడం మాత్రం నిజంగానే సమస్య తెచ్చిపెడుతుంది.

మీ ఆయన ఏదో ఒక మాట అన్నాడనో, పోల్చి చూపించాడనో వెళ్తున్నట్టయితే దయచేసి ఆగండి. అతని మాట పట్టుకుని మీ శరీరంలో ముక్క తీయించుకోవడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది, పైగా రేపు అతనికి ఇంకోటి నచ్చదు. రోజులో ఎక్కువసేపు అదే ఆలోచన, అద్దంలో మళ్లీ మళ్లీ చూసుకోవడం, అందరికీ దూరంగా ఉండడం ఉంటే ముందు మానసిక వైద్యుల్ని కలవండి. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్, అంటే లేని లోపాన్నో చిన్న లోపాన్నో పెద్దదిగా ఊహించుకుని కుమిలిపోయే సమస్య ఉన్నవాళ్లకు సర్జరీ తర్వాత కూడా తృప్తి రాకపోవచ్చు. అమెరికన్ గైనకాలజిస్టుల సంఘం 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా సర్జరీకి ముందు ఇది ఉందేమో చూడమనే చెప్పింది.

పద్దెనిమిది నిండని అమ్మాయిలకైతే వద్దు. ఆ వయసులో ఆ భాగం ఇంకా పెరుగుతూ, మారుతూ ఉంటుంది, ఇవాళ పెద్దగా కనిపించింది రేపటికి మామూలుగా అనిపించవచ్చు. తల్లులు పిల్లను నేరుగా సర్జన్ దగ్గరికి కాకుండా మంచి గైనకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లి "నీది నార్మలే" అనిపిస్తే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

కన్నెపొర విషయం కూడా చెప్పేస్తాను. ఆ పొరను చూసి కలయిక జరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు, మొదటిసారి రక్తం రాని ఆడవాళ్లు ఎందరో. కన్యత్వ పరీక్షలు ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరికొన్ని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2018లోనే పిలుపునిచ్చాయి. బ్రిటన్‌లో కన్నెపొర కుట్టే ఆపరేషన్‌ చేయడమే 2022 చట్టంతో నేరమైంది. భయంతోనో, ఇంట్లోవాళ్ల బలవంతం మీదో ఇది చేయించుకోవాలనుకుంటే, డాక్టర్ కంటే ముందు మీకు అండగా నిలబడే మనిషిని వెతుక్కోండి.

ఇక నిజమైన ఇబ్బంది ఉన్నవాళ్లు. నడిచినా, సైకిల్ తొక్కినా, బిగుతు బట్టలేసుకున్నా ఒరుసుకుపోయి మండడం కొందరికి ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయినా ముందు మెత్తటి కాటన్ లోదుస్తులు వాడండి, సెంటు వేసిన ప్యాడ్లు, సబ్బులు, వాష్‌లు మానేయండి, ఒరిపిడి ఉన్నచోట పెట్రోలియం జెల్లీ రాయండి, కొన్ని వారాలు చూడండి. దురద, తెల్లటి మచ్చలు, పగుళ్లు ఉంటే అది ఫంగస్ కావచ్చు, అలర్జీ కావచ్చు, లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు, వాటికి మందులున్నాయి. కలయికలో నొప్పి అయితే కారణం పొడిబారడమో, కండరాలు బిగుసుకుపోవడమో, ఎండోమెట్రియోసిసో (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) అయ్యుండొచ్చు. అలాంటప్పుడు యోనిని ఇంకా బిగుతు చేయిస్తే నొప్పి ఎక్కువ కావచ్చు. కాన్పు తర్వాత వదులైందనుకునేవాళ్లు పెల్విక్ ఫ్లోర్ (పొత్తికడుపు అడుగున ఉండే కండరాల) వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ దగ్గర సరిగ్గా నేర్చుకుని కొన్ని నెలలు చేయాలి. మూత్రం కారడం, గర్భసంచి జారడం లాంటివి అసలు కాస్మెటిక్ విషయాలే కావు, వాటి చికిత్స వేరు.

లేజర్ గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కోత లేదు కాబట్టి ప్రమాదం లేదని అమ్ముతున్నారు. అమెరికాలో మందులు, వైద్య పరికరాల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూలైలోనే దీనిపై హెచ్చరిక ఇచ్చింది: ఈ లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ పరికరాలకు యోని రీజువెనేషన్ కోసం అనుమతి లేదు, కాలిన గాయాలు, మచ్చలు, కలయికలో నొప్పి, తగ్గకుండా ఉండిపోయే నొప్పి రావచ్చు అని. మెనోపాజ్ తర్వాతి పొడిదనం, మంట కోసం ఆస్ట్రేలియాలో లేజర్‌నూ ఉత్తుత్తి లేజర్‌నూ పోల్చి చూసి 2021లో ఫలితాలు ప్రచురించారు, ఏడాది తర్వాత రెండు గుంపుల మధ్య తేడా ఏమీ లేదు.

అన్నీ చూసుకుని సర్జరీయే అనుకున్నారు, సరే. లేబియాప్లాస్టీ తర్వాత సంతోషంగా ఉన్నామనే వాళ్లు ఎక్కువే, కాకపోతే ఆ అధ్యయనాల్లో చాలావాటిలో కొద్ది కాలమే గమనించారు. రాగల నష్టాలు ఇవీ: రక్తస్రావం, రక్తం గడ్డకట్టడం, ఇన్‌ఫెక్షన్, కుట్లు విడిపోవడం, మచ్చ దగ్గర నొప్పి, స్పర్శ తగ్గడం లేదా అతిగా ఉండడం, మళ్లీ సర్జరీ. యోని బిగుతు చేసే ఆపరేషన్‌లో పురీషనాళం పక్కనే ఉంటుంది, దానికి గాయమైతే ఫిస్టులా (రెండింటి మధ్య రంధ్రం పడడం) దాకా వెళ్లవచ్చు. వీటన్నిటికంటే నాకు భయంగా అనిపించేది ఎక్కువ కోసేయడం. లోపలి పెదవుల నిండా నరాలుంటాయి, తీసేసింది తిరిగి పెట్టలేరు. కాబట్టి "ఎంత తీస్తారు" అని కాదు, "ఎంత మిగులుస్తారు" అని అడగండి. మత్తు ఇవ్వకముందే గీత గీయమని, అద్దంలో చూపించమని చెప్పండి. క్లిటోరిస్ మీది చర్మం ముట్టుకోవద్దనుకుంటే అది కన్సెంట్ ఫారంలో రాయించండి, ‘అవసరమైతే ఇతర మార్పులు’ అన్న లైన్ ఉంటే దాన్ని కొట్టించండి. అంచు కత్తిరిస్తారా, మధ్యలో ముక్క తీసి కలుపుతారా, రెండోదాంట్లో కుట్లు విడిపోతే ఏం చేస్తారు, ఇప్పటిదాకా ఇలాంటివి ఎన్ని చేశారు, ఎంతమందికి మళ్లీ చేయాల్సి వచ్చింది, ఇవన్నీ అడగండి. "ఇవాళే బుక్ చేస్తే తగ్గింపు" అనే చోట అసలు వద్దు.

వాడే మందులన్నీ చెప్పండి, ఆస్పిరిన్, నొప్పి బిళ్లలు, మూలికల పొడులతో సహా. రక్తం పలుచన చేసే మందు వాడుతుంటే సొంతంగా మాత్రం ఆపకండి. పొగతాగే అలవాటుంటే కొన్ని వారాల ముందే మానాలి, గాయం సరిగ్గా మానదు లేకపోతే. షుగర్ అదుపులో ఉండాలి. పీరియడ్ అయిపోగానే డేట్ పెట్టుకుంటే గాయం మీద ప్యాడ్ రాపిడి ఉండదు. త్వరలో బిడ్డ కావాలనుకునేవాళ్లు బిగుతు చేసే ఆపరేషన్ వాయిదా వేయడం మంచిది, కాన్పయినవాళ్లు కనీసం ఆరు నెలలు ఆగాలి. ముందురోజు రేజర్‌తో గీసుకోవద్దు, చిన్న గాట్లే ఇన్‌ఫెక్షన్‌కి దారి.

తర్వాత మొదటి రోజుల్లో వాపు చూసి గుండె గుభేల్‌మంటుంది, అది మామూలే. ఐస్‌ను బట్టలో చుట్టి కాసేపే పెట్టండి, మూత్రం పోసేటప్పుడు నీళ్లు పోసుకుంటే మంట తగ్గుతుంది, తుడవకుండా అద్దండి. మలబద్ధకం రానీయకండి. కలయిక, టాంపాన్, ఈత, సైకిల్ సుమారు ఆరు వారాలు వద్దు, డాక్టర్ చూసి సరే అన్నాకే. ఒకవైపు వేగంగా ఉబ్బుతూ గట్టిపడడం, ప్యాడ్లు తడిసిపోయేంత రక్తం, జ్వరం, చెడు వాసనతో చీము, మూత్రం రాకపోవడం, ఇలాంటివి కనిపిస్తే మర్నాటి దాకా ఆగకండి, రాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి. పిక్కలో నొప్పి వాపు, ఊపిరాడకపోవడం అయితే ఎమర్జెన్సీకే. ఇలాంటప్పుడు ఫోన్ చేయాల్సిన నంబరు, రాత్రి ఎవరు పలుకుతారన్నది డేట్ ఖాయం చేసుకునేటప్పుడే రాయించుకోండి. చివరి రూపం రావడానికి నెలలు పడుతుంది కాబట్టి, ఒకవైపు ఎక్కువ తక్కువ అనిపించినా ఆరు నెలలు కాకముందే సరిచేయిస్తామని మళ్లీ బల్ల ఎక్కొద్దు.